చీకటింటి మీద గచ్చుపాట

ధవళకోటను తొలిసారి చూసినవాడు మెడ నొప్పెట్టేదాకా తలెత్తి నిలబడిపోతాడు. ఏడు ప్రాకారాలు. ప్రాకారం ప్రాకారానికీ వెన్నముద్దల్లాంటి బురుజులు, బురుజుల నెత్తిన బంగారు కలశాలు, కలశాల చుట్టూ పావురాల గుంపులు. పొద్దు వాలే వేళ ఆ గోడల మీద ఎండ జారితే కోట కోటంతా సంపెంగ రంగు తిరుగుతుంది. దేశదేశాల కవులు వచ్చి దాని మీద పద్యాలు చెప్పి, కనకమకుట మహారాజు చేత కంకణాలు తొడిగించుకుని పోయారు. ఆ గోడలకు అంత నునుపు ఎవరి చేతుల వల్ల వచ్చిందని మాత్రం ఒక్క కవీ అడిగిన పాపాన పోలేదు.

వాళ్ళు అడగకపోతేనేం, నేను చెబుతాను. సున్నపువాడ ఆడవాళ్ళ చేతుల వల్ల వచ్చింది. మగవాళ్ళు గానుగలో సున్నం ఆడించి తెస్తే, ఆడవాళ్ళు దానికి బెల్లపు నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పట్టించి, పరిచి, గొంతుక్కూర్చుని కొయ్య చెక్కలతో కొడతారు. గచ్చు గట్టిపడేదాకా చెక్క ఆగదు, పాట ఆగదు. పచ్చి గచ్చు మీద మడమ మోపడం ఆ వాడలో అన్నాన్ని కాలదన్నినంత తప్పు. నడక నేర్చిన బిడ్డకు తల్లి మొదట చెప్పే బుద్ధి అదే.

ఆ వాడలో అంకాలుకు మించిన పనిమంతురాలు లేదు. చెయ్యి ఎంత గట్టిదో నోరూ అంతే గట్టిది. ఆమె మొగుణ్ణి ఈ కోటే మింగింది. కాకజంఘుడనే మాంత్రికుడు రాజుగారి చెవిలో ఒక మాట ఊదాడు: "ప్రభూ, బురుజు నిలవాలంటే పునాదిలో మనిషి పడాలి." ఆ పడే మనిషి అంతఃపురం నుంచి ఏనాడూ రాలేదు, సున్నపువాడ నుంచే వచ్చాడు. అంకాలు కొడుకు మైలారు ఉయ్యాలలో ఉండగా వాడి నానమ్మ చేతే తొలి పిడికెడు సున్నం వేయించి, వాడి తండ్రిని ఏనుగుల వాకిలి బురుజు కింద పూడ్చారు. ఆ బురుజు పూర్తయ్యాక దానికి గచ్చు మెరుగు పెట్టమని అంకాలునే పిలిచారు. ఆమె వెళ్ళింది. ఏడుస్తూనే మెరుగు పెట్టింది. ఇంటికి వచ్చి గంజి కాచి పిల్లవాడి నోట్లో పోసింది. అలాంటి ఆడదాని ముందు ఏ చక్రవర్తి కిరీటమైనా దిగదుడుపే అని నా లెక్క.

ఆ గంజి తాగి పెరిగిన మైలారు ఊరుకుంటాడా? "గోడకు సున్నం చాలు, మనిషి అక్కర్లేదు" అన్నాడు. ఆ ఒక్క మాట గానుగల దగ్గర నుంచి రేవులకూ, రేవుల నుంచి నల్లకొండ పల్లెలకూ పాకింది. పునాదులకు తోలుకుపోతున్నవాళ్ళను తన గుంపుతో దారికాచి విడిపించాడు. రాజు వాణ్ణి దొంగ అన్నాడు. జనం వాడి పేరు జోలపాటల్లో కట్టుకున్నారు.

ఇప్పుడు కోటకు తూర్పున కొత్త బురుజు లేస్తోంది. దీని పునాదికి ఒక్కడు చాలడని కాకజంఘుడు సున్నపువాడ మగవాళ్ళను గుంపుగా పట్టి తెచ్చి, చీకటిల్లనే చెరసాలలో పడేయించాడు. వాళ్ళను విడిపించడానికి మైలారు మణిమంత దేశపు యువరాజు వేషం వేసుకుని, పట్టు తలపాగా చుట్టుకుని, తెల్లగుర్రం మీద దర్జాగా కోటలోకి వచ్చాడు.

వేషమంటే అదీ వేషం! తమలపాకు ఈనె తీయడం దగ్గర నుంచి వందిమాగధులకు ఉంగరం విసిరేదాకా ఎక్కడా వంక లేదు. సేనాపతి తన కూతురి జాతకం కూడా తెప్పించాడు. కానీ కాకజంఘుడు గుంటనక్క. వచ్చినవాడు రాజబిడ్డో కాదో తేల్చుకోవాలని కొలువుకూటం వాకిట్లో నడవంతా పచ్చి గచ్చు పరిపించాడు. సామంతులు వచ్చారు, జోళ్ళతో దాన్ని తొక్కుకుంటూ పోయారు. మంత్రులు పోయారు. ఏది తొక్కుతున్నామో చూసుకునే అలవాటు వాళ్ళకు లేదు. మైలారు వచ్చాడు. కాలు ఎత్తాడు. ఎత్తిన కాలు వెనక్కి తీసుకున్నాడు. ముచ్చెలు విప్పి చేత పట్టుకుని, పట్టుబట్ట మోకాళ్ళ పైకి ఎగదోపి, గోడవార ఇరుకులో అడ్డంగా నడిచి అవతల పడ్డాడు.

"సున్నపువాడ పిల్లాడా, అమ్మ బాగా పెంచింది!" అని కాకజంఘుడు పకపక నవ్వాడు. మైలారు కత్తి దూశాడు గాని మాంత్రికుడి కళ్ళల్లోకి చూశాడు. అదే దెబ్బ. ఆ కళ్ళల్లో స్తంభన విద్య ఉంది. చూపు కలిపినవాడు ఉన్నవాడు ఉన్నట్టే బిగుసుకుపోతాడు, మాంత్రికుడు వదిలితే తప్ప వేలు కదపలేడు. ఎత్తిన కత్తితో బొమ్మలా నిలిచిన మైలారును నలుగురు భటులు మోసుకుపోయి చీకటింట్లో పడేశారు. రేపు పొద్దు గుంకే వేళకు అందరినీ కొత్త బురుజు గుంటలోకి దించాలని ఆజ్ఞ అయింది.

ఈ కబురు విన్నప్పుడు అంకాలు పని చేస్తున్న చోటు ఏదనుకున్నారు? ఆ చీకటింటి పైకప్పే. కిందటి వానలకు కారిందని పాత గచ్చు తవ్వి కొత్తది పరచమని కోట దళవాయి వారం కిందటే సున్నపువాడ ఆడవాళ్ళను పెట్టాడు. కబురు తెచ్చిన ఆడమనిషి చెప్పలేక చెప్పలేక చెప్పింది. అంకాలు చెక్క ఒళ్ళో పెట్టుకుంది.

"జోళ్ళు విప్పాడా?" అంది.

"విప్పాడంట వదినా. చేత్తో పట్టుకున్నాడంట."

"నా పెంపకమే నా బిడ్డను పట్టించింది," అంటూ గుండె మీద కొట్టుకుంది. మరుక్షణం కళ్ళు తుడుచుకుంది. "అయినా బంగారంలాంటి పని చేశాడే! ప్రాణం మీదికి వచ్చినా కష్టజీవి పనిని తొక్కలేదు. అట్టాంటోణ్ణి గుంటలో పెడతారా? నేను పెట్టనిస్తానా?"

మర్నాడు పొద్దు ఇంకా వాలకముందే పైకప్పు మీద పని జోరందుకుంది. తవ్వే పలుగులు ఒక పక్క, కొట్టే చెక్కలు ఒక పక్క. మధ్యలో ముసలి పైడక్క పాట ఎత్తుకుంది. ఆమె గొంతు పగిలిన కుండే కానీ పాట దారి తప్పదు.

"బెల్లాల నీళ్ళోయి గచ్చుతల్లో
మెల్లంగ తాగమ్మ గచ్చుతల్లో."

ఆడవాళ్ళంతా అందుకున్నారు. చెక్కలు దబదబ పడ్డాయి. పైకప్పుకు ఎక్కే మెట్ల కొసన దళవాయి రణభేరుండుడు నిలబడి ఉన్నాడు. పేరు అంత పెద్దది గాని మనిషికి పొట్టే ముందు నడుస్తుంది. కొత్త ఎర్ర మఖమల్ ముచ్చెలు వేసుకున్నాడు, వాటికి సున్నం అంటుతుందని పైకప్పు మీదికి ఒక్క అడుగు వేయడం లేదు.

"ఏమే అంకాలూ, నీకొక మాట. ఆ మైలారుగాడి తల్లి మీ వాడదే గదా. ఎవరో తెలుసా?"

పైడక్క పాటలో ఒక పదం మింగేసింది. అంకాలు చెక్క ఆపలేదు.

"తెలవకేం దొరా! మహా పొగరుబోతు మనిషి. ఒకరి మాట వినే రకం కాదు. ఏం, ఎందుకూ?"

"గుంటలో కొడుకు ఉండగా తల్లి తన చేత్తో తొలి పిడికెడు సున్నం వేస్తేనే బురుజుకు కట్టు పడుతుందంట. కాకజంఘయ్య చెప్పాడు. మిగతా ఖైదీల తల్లులను తోలుకొస్తున్నారు. ఇదొక్కతే దొరకలేదు."

"కనపడితే మీ దగ్గరికే పంపుతాను దొరా," అంది అంకాలు. మొహం నవ్వుతూనే ఉంది. ఆ నవ్వుకే నేను చెయ్యెత్తి మొక్కుతాను.

దళవాయి అటు తిరగగానే ఆమె పైడక్కకు కన్ను గీటింది. పైడక్క పాట మార్చింది.

"తూరుపు దూలాన గచ్చుతల్లో
తొలుచుకుని వస్తాము గచ్చుతల్లో
తలకాయ దాచుకో చిన్నవాడా
తల్లి చెయ్యి దిగుతాది చిన్నవాడా."

కింద చీకట్లో, తలుపు బిగించాక మాంత్రికుడు కట్టు వదిలితే ఒళ్ళు తిమ్మిరెక్కి కూర్చున్న మైలారు చివాలున తలెత్తాడు. "తూర్పు దూలం కింద ఎవరూ ఉండకండి, జరగండి!" అని అందరినీ గోడవారకు నెట్టాడు. తర్వాత ఒకడి భుజాలెక్కి పిడికిలితో దూలం మీద చెక్క దెబ్బల తాళమే కొట్టాడు. పైన అరికాలికి ఆ దెబ్బలు తగిలేసరికి అంకాలుకు ప్రాణం లేచి వచ్చింది.

పలుగులు ఒక్కచోటికి చేరాయి. పాత గచ్చు పెళ్ళలు లేచాయి. పెంకు పగిలింది. తవ్వడం వీళ్ళ పనే గనుక ఆ చప్పుడుకు ఎవరూ తల తిప్పలేదు. మనిషి పట్టేంత కంత పడింది. తట్టలు చేదే మోకు కిందికి జారింది.

"మైలారూ! పట్టుకోరా, రా!"

మోకు పట్టుకుని పైకి వచ్చింది మైలారు కాదు. గానుగ తిప్పే గవరయ్య. వాడి వెనక వాడి తమ్ముడు. వాడి వెనక ఇంకొకడు. వచ్చినవాణ్ణి వచ్చినట్టే పట్టుకుని ఆడవాళ్ళు మొహాన సున్నం పులిమి, సున్నం వడగట్టే పాత చీరలు చుట్టి, ముసుగు లాగి, చేతికి చెక్క ఇచ్చి కూర్చోబెట్టారు. మీసాలు ముసుగుల్లోకి పోయాయి.

కానీ ఒక చిక్కు వచ్చింది. సున్నపువాడ మగవాడికి గానుగ తిప్పడమే వచ్చు, చెక్క పట్టడం చచ్చినా రాదు. అందరి చెక్కలూ 'దబ్' అంటే వీళ్ళ చెక్కలు ఆ తర్వాత తీరుబడిగా 'టప్పు' అంటున్నాయి. గవరయ్య తన వేలు తనే కొట్టుకుని "అబ్బా!" అన్నాడు, అదీ మగ గొంతుతో.

దళవాయి తిరిగి చూశాడు. "ఏమిటే అది? ఇవాళ దెబ్బ కుంటుతోందే? ఇంతమంది ఎప్పుడొచ్చారు?"

"కొత్త కోడళ్ళు దొరా! చెయ్యి తిరగలేదు," అంది అంకాలు. గవరయ్య వీపు మీద ఒక్కటి చరిచి, "సిగ్గు లేకపోతే సరి! మీ పుట్టింట్లో తిండి తినడమే నేర్పారా?" అని కేకలేసింది.

"ఆ కోడలికి గొంతు కూడా తిరిగినట్టు లేదు," అన్నాడు దళవాయి.

"జలుబు దొరా. దగ్గరకొచ్చి చూడండి, పాపం ఎట్టా మూలుగుతోందో. అడుగు చూసి వెయ్యండి, సున్నం మీ ముచ్చెలకు పట్టుద్ది."

దళవాయి తన ముచ్చెల వంక చూసుకున్నాడు. పైకప్పు వంక చూశాడు. "సరే సరే, కానివ్వండి," అని మెట్ల నీడకు జరిగాడు. ముచ్చెల మీది మోజు ఎన్ని ప్రాణాలు కాపాడిందో ఆయనకు తెలియదు.

అంకాలు కంతలోకి వంగింది. "ఒరే, ఇంకా ఎవరున్నార్రా? నువ్వు రా ముందు!"

కింద నుంచి కొడుకు గొంతు నిమ్మళంగా వచ్చింది. "ఇద్దరున్నారమ్మా. నడవలేకుండా ఉన్నారు. మోకు నడుముకు కడుతున్నాను, లాగండి."

"నేను వచ్చింది నీ కోసంరా!"

"నేను వచ్చింది వీళ్ళ కోసం గదమ్మా."

అంకాలు పళ్ళు బిగించి మోకు లాగింది. కోపం పొంగుకొచ్చింది, ఆ కోపం వెనకే గర్వం కూడా. చివరివాడు పైకి చేరాడు. మోకు మళ్ళీ జారింది. మైలారు దాన్ని అందుకుని అరచేతికి చుట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే చీకటింటి ఇనుప తలుపు కిర్రుమంది.

దివిటీలతో భటులు, భటుల ముందు సన్నటి కాళ్ళ మీద పెద్ద పెద్ద అంగలు వేస్తూ కాకజంఘుడు! ఖాళీ చెరసాల చూశాడు. వేలాడే మోకు చూశాడు. ఒక్క గెంతులో మైలారు జుట్టు వెనక నుంచి పట్టి, మెడకు కటారి ఆనించాడు. తల ఎత్తి కంతలోంచి పైకి చూశాడు.

ఏం జరిగిందా అని పైడక్క తొంగి చూసింది. అంతే! చూపు చూపుకు తగిలింది. ఎత్తిన చెక్క ఎత్తినట్టే, తెరిచిన నోరు తెరిచినట్టే, పాట పెదవి మీదే ఉండగా ముసలమ్మ కొయ్యబారిపోయింది. పైకప్పు మీద చెక్కలన్నీ ఆగిపోయాయి.

"కంత దగ్గర ఇంకో నీడ ఉంది. తల్లివే కదూ?" అన్నాడు కాకజంఘుడు. "వెతికి వెతికి అలసిపోయాం. నీ అంతట నువ్వే వచ్చావు. విను! బురుజుల మీద విలుకాండ్రు నా ఈల కోసం చూస్తున్నారు. నేను వేస్తే నీ పక్కనున్నవాళ్ళు ఒక్కరు మిగలరు. అట్లా కాక, నీ చేత్తో ఒక పిడికెడు సున్నం నీ కొడుకు నెత్తిన వెయ్యి. తంతు ఇక్కడే ముగిస్తాను. వీడొక్కడితో సరిపెట్టి మిగతావాళ్ళను వదిలేస్తాను."

పక్కనున్నవాళ్ళు కన్నతల్లికి ఏమని చెబుతారు?

మైలారే మాట్లాడాడు. కటారి మెడను గీరుతున్నా గొంతు తొణకలేదు. "వెయ్యమ్మా. నా కోసం అంతమందిని చంపుకోకు. నాన్న మీద నానమ్మ వేసింది గదా, నా మీద నువ్వు వెయ్యి."

అంకాలు పక్కనున్న తట్టలో చెయ్యి పెట్టింది. నీళ్ళు చల్లితే అప్పుడే విరిసిన పొడి సున్నం, ఇంకా వెచ్చగా ఉంది. పిడికిలి నిండా తీసింది. కంత అంచున మోకాళ్ళ మీద వంగింది. "ఇటు చూడవే, ఇటు!" అని కాకజంఘుడు కళ్ళు పెద్దవి చేశాడు. ఆమె వాడి వైపు చూడనే లేదు. చూడడానికి ఆమెకు అక్కడ కొడుకు తప్ప ఇంకెవరూ కనబడలేదు. మట్టి కొట్టుకుపోయిన ఆ మొహం, అచ్చం వాళ్ళ నాన్న ముక్కు, మెడ దగ్గర సన్నగా కారుతున్న నెత్తురు.

"నాయనా, కళ్ళు మూసుకో," అంది.

మైలారు చిన్నప్పుడు తలంటు పోసే వేళ ఎలా మూసుకునేవాడో అలా గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. పైకి చూస్తున్న రెండు పెద్ద కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి.

పిడికెడు సున్నం విసురుగా వెళ్ళి ఆ కళ్ళల్లో పడింది.

కాకజంఘుడు పెట్టిన కేక ఏడు ప్రాకారాలు దాటింది. కటారి జారింది, చేతులు మొహం మీదికి పోయాయి. అదే క్షణాన కోటలో వాడు ఎప్పుడెప్పుడో కట్టిపడేసిన కట్లన్నీ పటపట తెగాయి. పైడక్క ఎత్తిన చెక్క దబ్బున కింద పడింది, పెదవి మీద ఆగిన పాట బయటికొచ్చింది. మైలారు మోకు పట్టుకుని గోడకు కాలు తన్నాడు.

"లాగండే!" అంకాలు అరిచింది.

పైడక్క పాటకు ఆడవాళ్ళూ, కొత్త కోడళ్ళూ కలిసి లాగారు. ఈసారి ఒక్కరి తాళమూ తప్పలేదు. కింద భటులు విసిరిన బల్లెం మైలారు కాలి వేలి పక్కనుంచి పోయి దూలంలో దిగింది. వాడు కంతలోంచి పైకి వచ్చి పడ్డాడు. తల్లి వాణ్ణి ఒళ్ళోకి లాక్కుని, మెడ గాయం మీద కొంగు అదిమి, ముందు ఒక దెబ్బ వేసింది, తర్వాత ముద్దు పెట్టుకుంది.

మెట్ల మీద దళవాయి ముచ్చెల సంగతి మరిచి లగెత్తుకొచ్చాడు. పచ్చి గచ్చు మీద రెండు కాళ్ళూ జారి, పొట్ట ముందుగా పైకప్పు ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగి, సున్నపు తొట్టిలో తలకిందులుగా దిగబడ్డాడు. గవరయ్య వాడి మీద కూర్చున్నాడు. భేరీలు మోగాయి. కోట వాకిళ్ళు మూసుకుంటున్న చప్పుడు ఒకదాని వెనక ఒకటి వినబడింది. బురుజుల మీద విలుకాండ్రు అటూ ఇటూ చూస్తున్నారు. ఈల రాలేదు, ఆజ్ఞ ఇచ్చేవాడు కింద గోడలు తడుముకుంటూ ఏడుస్తున్నాడు.

"అమ్మా, తూర్పు గోడ ఇంకా సగమే లేచింది. వాళ్ళు తేరుకునేలోపు అటు దూకితే నల్లకొండ అడవి," అన్నాడు మైలారు. "నా వాళ్ళు గుర్రాలతో ఉన్నారు. పద!"

అంకాలు తూర్పు వైపు చూసింది. అడవి కంటికి ఆనలేదు. కొత్త బురుజు గుంట ఆనింది. గుంట చుట్టూ ఖైదీల తల్లులను వరసగా నిలబెట్టారు. ముసలివాళ్ళు, నడివయసువాళ్ళు, చంకలో ఇంకో బిడ్డ ఉన్నవాళ్ళు. అందరి కుడిచేతుల్లోనూ పిడికెడు సున్నం. వెనక భటుల బల్లేలు. భేరీలు ఎందుకు మోగుతున్నాయో తెలియక, కొడుకులను ఎప్పుడు తెస్తారో తెలియక ఆ తల్లులు గుంటలోకే చూస్తూ నిలబడ్డారు.

"వాళ్ళను వదిలి అడవికా?" అంది.

ఇందాక మోకు కడుతూ మైలారు అన్నదీ అలాంటి మాటే. తల్లి నోట వినేసరికి తల వంచి దళవాయి నడుము నుంచి కత్తి లాక్కున్నాడు.

అంకాలు పైకప్పు పిట్టగోడ ఎక్కి నిలబడింది. తల మీది కొంగు గాలికి ఎగిరిపోయింది. ఒళ్ళంతా తెల్లగా ఉన్న ఆ మనిషి కోటలో ప్రతి మూలకూ కనబడింది. విలుకాండ్రు బాణాలు ఎక్కుపెట్టారు. ఆమె రెండు చేతులూ నోటికి అడ్డుపెట్టుకుని, ఎండలో పాడి పాడి రాటుదేలిన ఆ గొంతుతో కేకేసింది.

"అక్కలారా! గుంటలోకి చూడకండే! అక్కడ మన పిల్లలు లేరు, ఇక్కడ నా ఎనకాల ఉన్నారు, బతికే ఉన్నారు! ఆ కాకికాళ్ళోడి కళ్ళు పోయినాయి! మీ చేతిలో ఉన్న సున్నం ఎవడి కళ్ళల్లో కొట్టాలో నేను చెప్పాలా?"

గుంట చుట్టూ ఉన్న తల్లులు ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. పిడికిళ్ళు లేచాయి.